స్మాగ్ ఫెయిలైన కారు ఛారిటీకి ఇస్తే అది దానమేనా?

ఫ్రీమాంట్_నివాసి
అందరికీ నమస్కారం. పోయిన శనివారం మా 2007 మోడల్ సెడాన్ స్మాగ్ టెస్టులో (బండి వదిలే పొగకి ఇక్కడ కాలిఫోర్నియాలో చేసే పరీక్ష) ఫెయిలైంది. లక్షా తొంభై ఎనిమిది వేల మైళ్ళు తిరిగిన బండి. టెక్నీషియన్ స్టీరింగ్ కింద కేబుల్ తగిలించి, కాసేపు స్క్రీన్ చూసి, తల అడ్డంగా ఊపాడు. కాగితం మీద పీ0420 అన్న కోడ్ ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం) మార్చాలి, కాలిఫోర్నియా ఆమోదించినదే వేయాలి కాబట్టి 2,300 డాలర్లవుతుంది అన్నాడు. బండి అమ్మినా అంత రాదు.

మా ఆవిడ ఒక ఛారిటీకి ఫోన్ చేసింది. ఫెయిలైనా ఫర్వాలేదు, టో ట్రక్ పంపిస్తాం, టాక్స్ రసీదు ఇస్తాం అన్నారు. ఇచ్చేద్దాం అనుకున్నాం. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారు ఇడ్లీ తింటూ ఇదంతా విని ఒక్కటే అడిగారు: "నచికేతుడి తండ్రి యజ్ఞంలో ఒట్టిపోయిన ఆవుల్ని దానమిచ్చాడు చూడు, ఇదీ అలాగే ఉంది కదరా?" నాకు జవాబు దొరకలేదు. మీరేమంటారు?

డబ్లిన్_వాసి
ఇందులో ఆలోచించాల్సింది ఏముందండీ? వాళ్ళకి బండి పరిస్థితి చెప్పారు, తెలిసే తీసుకుంటున్నారు. మీ వాకిలి ఖాళీ అవుతుంది, వాళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి. ఇచ్చేయండి.

పాతరెంచి
దానం సంగతి తర్వాత. ముందు బండి చూద్దాం. నేను శాన్ హోసేలో పదకొండేళ్ళు షాపులో పనిచేశాను. పీ0420 వచ్చినంత మాత్రాన కన్వర్టర్ పోయినట్టు కాదు. అది సరిగ్గా పనిచేయట్లేదని కంప్యూటర్ అనుమానపడుతోందని అర్థం. ఎగ్జాస్ట్ పైపులో లీకున్నా, వెనక ఆక్సిజన్ సెన్సర్ తేడా చేసినా అదే కోడ్ రావచ్చు. లీకు వెతకడానికి వంద, నూటయాభై అవుతుంది. అది చూడకుండా 2,300 పెట్టకండి.

ఇంకోటి. కోడ్ చెరిపేసి మళ్ళీ టెస్టుకి వెళ్ళమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చెరిపేస్తే మానిటర్లన్నీ, అంటే బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలన్నీ, మొదటికొస్తాయి. 2000, ఆ తర్వాతి పెట్రోలు బండ్లకి ఇక్కడ ఎవాప్ (పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా చూసే) మానిటర్ ఒక్కటే అసంపూర్తిగా ఉండొచ్చు. మిగతావి పూర్తికాకపోతే అదీ ఫెయిలే. బండిని రకరకాల వేగాల్లో కొన్నాళ్ళు తిప్పాలి, ఈలోగా లోపం నిజమైతే చెక్ ఇంజిన్ లైటు మళ్ళీ వెలుగుతుంది.

మీ బండి ఆయిల్ తాగుతోందా?

ఫ్రీమాంట్_నివాసి
తాగుతోంది అన్నా. వెయ్యి మైళ్ళకి ఒక క్వార్టు పోస్తున్నాను. డిక్కీలో ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది.

పాతరెంచి
అయితే తేలిపోయింది. కాలిన ఆయిల్ కన్వర్టర్ లోపలి తేనెపట్టు గూళ్ళ మీద పేరుకుపోతుంది. కొత్తది వేసినా కొన్నాళ్ళకి అదే గతి. ఇంజిన్ బాగుచేయకుండా కన్వర్టర్ మారిస్తే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే.

టాక్స్_అక్క
రసీదు అన్నారు కాబట్టి నా వంతు. నేను సీపీఏని (టాక్స్ లెక్కలు చూసే అకౌంటెంటుని), ప్రతి ఫిబ్రవరిలో ఇదే ప్రశ్న నా బల్ల మీదికి వస్తుంది.

బ్లూబుక్‌లో (పాత బండ్ల ధరలు చెప్పే జాబితా) బండి ధర 3,000 ఉంది కాబట్టి 3,000 రాసుకోవచ్చని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. 2005 నుంచి అది చెల్లదు. ఛారిటీ మీ బండిని వేలంలో అమ్మేస్తే, వేలంలో ఎంత వచ్చిందో అంతే మీ డిడక్షన్ (టాక్స్ పడే ఆదాయం నుంచి తగ్గించుకునే మొత్తం). అమ్మిన 30 రోజుల్లో వాళ్ళు 1098-సీ ఫారం పంపాలి, అందులో ఆ అంకె ఉంటుంది. 500 డాలర్లకన్నా తక్కువకి పోతే మార్కెట్ ధర, 500 ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది రాసుకోవచ్చు. ఛారిటీ ఆ బండిని తన సేవలో గట్టిగా వాడుకున్నా, పెద్ద రిపేరు చేయించినా, పేదవాళ్ళకి ఊరికే గానీ బాగా తక్కువ ధరకి గానీ ఇచ్చినా పూర్తి మార్కెట్ ధర వస్తుంది. ఆయిల్ తాగే, స్మాగ్ ఫెయిలైన బండి విషయంలో ఇది జరుగుతుందని ఆశపెట్టుకోకండి.

పైగా ఇదంతా ఐటమైజ్ చేసేవాళ్ళకే, అంటే ఖర్చులు విడివిడిగా చూపించి తగ్గించుకునేవాళ్ళకే. 2025లో భార్యాభర్తలకి స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులేవీ చూపించకపోయినా ఇచ్చే తగ్గింపు) 31,500. ఇంటి లోను, ప్రాపర్టీ టాక్సు లేనివాళ్ళు దాన్ని దాటడం కష్టం. 2026 నుంచి ఐటమైజ్ చేసేవాళ్ళకి కొత్త మెలిక కూడా వచ్చింది: ఆదాయంలో అర శాతం దాకా ఇచ్చిన దానం లెక్కలోకి రాదు. ఇంటికి మూడు లక్షల ఆదాయం ఉంటే మొదటి 1,500 డాలర్లు పోయినట్టే. ఏడాదంతా కలిపి మీరిచ్చింది 600కి అమ్ముడుపోయిన కారొక్కటే అయితే డిడక్షన్ సున్నా.

ఈ రూల్ ఎందుకొచ్చిందో కూడా చెప్తాను. కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ లెక్కలు చూసే జీఏఓ 2003లో 54 కార్ల దానాలు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా ఆరా తీసింది. దాదాపు మూడింట రెండు వంతుల దానాల్లో, దాత టాక్స్ కాగితాల్లో రాసుకున్న విలువలో 5 శాతమో అంతకన్నా తక్కువో ఛారిటీకి చేరింది. మిగతాది టోయింగ్, వేలం, మధ్యవర్తి ఖర్చులకీ, దాతలు పెంచి రాసుకున్న ధరలకీ పోయింది.

డబ్లిన్_వాసి
అక్కా, నేను డిడక్షన్ కోసం మాట్లాడలేదు. సాయం కోసమే అన్నాను.

సేవా_శనివారం
నేను ఒక చిన్న సంస్థలో వారాంతాల్లో పనిచేస్తాను. మాకు కార్లు వస్తాయి. పేరు చెప్పను, ప్రచారం కోసం రాయడం లేదు.

మధ్యవర్తి కంపెనీ కోత ఉన్నమాట నిజమే. మొన్న వచ్చిన ఒక మినీవ్యాన్‌కి అన్నీ పోను మాకు 430 డాలర్లు మిగిలాయి. తక్కువే. కానీ ఆ 430తో ఒక కుటుంబానికి పీజీ అండ్ ఈ (కరెంటు కంపెనీ) బిల్లు కట్టాం, కరెంటు తీసేయడానికి రెండ్రోజుల ముందు. ఆ తల్లి ఫోన్‌లో ఏడ్చింది. ఆవిడ దగ్గరికెళ్ళి "ఈ డబ్బు ఒట్టిపోయిన ఆవు నుంచి వచ్చిందమ్మా" అని చెప్పమంటారా? నాన్నగారి మీద గౌరవంతోనే అంటున్నాను, నచికేతుడి కథలో ఆవుని తీసుకున్నవాడికి మేత ఖర్చు మిగిలింది. మాకు మేత ఖర్చు లేదు, బండి మా వాకిలికి కూడా రాదు, డబ్బొక్కటే వస్తుంది.

మిల్పీటస్_విద్యార్థిని
నా అనుభవం చెప్తాను. నేను వచ్చిన మొదటి ఏడాది మన తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన దగ్గర 1,800కి పాత కారు కొన్నాను. "స్మాగ్ నువ్వే చేయించుకోమ్మా, అందుకే ధర తగ్గించాను" అన్నారు. మనవాళ్ళే కదా అని నమ్మాను. ఫెయిలైంది. పేరు మారలేదు, రిజిస్ట్రేషన్ రాలేదు. మూడు నెలలు కారు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, నేను బస్‌స్టాపులో. ఉదయం 5:40 బస్సు తప్పితే ల్యాబ్‌కి గంట ఆలస్యం. కాలిఫోర్నియాలో స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత అమ్మేవాళ్ళదేనని నాకు తర్వాత తెలిసింది.

ఛారిటీకి ఇస్తారో, తుక్కుకి ఇస్తారో మీ ఇష్టం అంకుల్. కానీ "ఎవరైనా స్టూడెంట్‌కి చవగ్గా ఇచ్చేద్దాం" అని మాత్రం అనుకోకండి. అది సాయం కాదు.

ఫ్రీమాంట్_నివాసి
అమ్మా, నిజం చెప్తున్నాను, మొదట నాకు వచ్చిన ఆలోచన అదే. చెప్పి మంచి పని చేశావు.

గాలి_మాట
ఇంతవరకు అందరూ డబ్బు ఎవరికి చేరింది అన్నదే మాట్లాడారు. బండి ఎక్కడికి చేరింది అని ఎవరూ అడగలేదు. నా అభ్యంతరం అక్కడే.

వేలంలో ఆ బండిని డీలరు కొంటాడు, లేదా తుక్కు యార్డువాడు కొంటాడు. యార్డుకి పోతే మంచిదే. డీలరు కొని ఇక్కడే అమ్మాలంటే స్మాగ్ పాస్ చేయించాలి, 2,300 పెట్టి అతనూ చేయించడు. మరి లాభం ఎక్కడ? పరీక్ష లేని చోట. పక్కనే ఉన్న నెవాడాలో క్లార్క్, వాషో కౌంటీల్లో తప్ప స్మాగ్ పరీక్షే లేదు. అక్కడ మీ బండి ఇంకో నలభై వేల మైళ్ళు నడుస్తుంది, వెయ్యి మైళ్ళకో క్వార్టు ఆయిల్ కాల్చుకుంటూ. మన వీధిలో వద్దన్న పొగ ఇంకొకరి వీధిలో వదిలాం, దానికి రసీదు కూడా తీసుకున్నాం. మా పాపకి ఆస్తమా. ఇన్‌హేలర్ కొట్టుకుంటూ అది పది దాకా లెక్కపెడుతుంటే పక్కన కూర్చునేదాన్ని నేను. అందుకే ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

దారి ఉంది. కాలిఫోర్నియా ప్రభుత్వంలోని బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ వాళ్ళ కన్స్యూమర్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, అందరూ క్యాప్ అంటారు. స్మాగ్ ఫెయిలైన బండిని వాళ్ళు ఒప్పందం చేసుకున్న యార్డులో అప్పజెప్పితే 1,350 డాలర్ల చెక్కు ఇస్తారు. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి 2,000 దాకా. బండి మళ్ళీ రోడ్డెక్కదు. ఆదాయం తక్కువ ఉండి బండి ఉంచుకోవాలనుకునేవాళ్ళకి 1996, ఆ తర్వాతి మోడళ్ళ రిపేరుకి 1,450 దాకా సాయం కూడా ఉంది.

ఆ 1,350 తీసుకెళ్ళి సేవా_శనివారం గారి సంస్థకే ఇవ్వండి. 430 ఎక్కడ, 1,350 ఎక్కడ?

టాక్స్_అక్క
దీనికి నా ఓటు కూడా వేస్తాను. 2026 నుంచి ఐటమైజ్ చేయనివాళ్ళు కూడా ఛారిటీకి ఇచ్చిన నగదు మీద దంపతులైతే 2,000 దాకా, ఒక్కరైతే 1,000 దాకా తగ్గించుకోవచ్చు. నగదుకే, వస్తువులకి కాదు. కారు ఇస్తే సున్నా వచ్చేవాళ్ళకి చెక్కు ఇస్తే లెక్కలోకి వస్తుంది.

సేవా_శనివారం
కాగితం మీద బాగుందండీ. రెండు మాటలు అడుగుతాను.

ఒకటి, క్యాప్ అందరికీ దొరకదు. బండి సొంతంగా నడుచుకుంటూ యార్డుకి రావాలి. రెండేళ్ళుగా ఇక్కడే రిజిస్టరై ఉండాలి. ముందు దరఖాస్తు పెట్టి, ఒప్పుకుంటూ ఉత్తరం వచ్చాకే వెళ్ళాలి. మాకు వచ్చే వాటిలో సగం బండ్లు టైర్లలో గాలి లేక, బ్యాటరీ చచ్చి, తాళం పోయి ఉంటాయి.

రెండోది పెద్దది. చెక్కు మీ పేరున వస్తుంది. చేతికొచ్చాక ఎంతమంది ఇస్తారు? కొత్త బండి డౌన్ పేమెంటుకి, ఇండియా టికెట్లకి, పిల్లల కోచింగ్‌కి పోతుంది. తప్పని నేననను. కానీ టో ట్రక్ ఎక్కించిన బండి మాత్రం తప్పకుండా మాకు చేరుతుంది. ఇవ్వాలన్న మనసు ఫోన్ చేసిన రోజు ఉన్నట్టు ఆరు వారాల తర్వాత ఉండదు. ఇది ఏడేళ్ళుగా చూస్తున్నాను.

గాలి_మాట
మొదటి మాట ఒప్పుకుంటాను. కదలని బండికి మీ దారే దిక్కు, అది ఎలాగూ యార్డుకే పోతుంది. రెండో మాట ఒప్పుకోను. మనుషుల మనసు మారుతుందేమోనన్న భయంతో పొగ చిమ్మే బండిని వేలంలోకి పంపడం న్యాయం కాదు. కనీసం "తుక్కుకి మాత్రమే అమ్ముతాం" అని మీ మధ్యవర్తితో రాయించుకోండి. అది అడిగారా ఎప్పుడైనా?

సేవా_శనివారం
అడగలేదు. వచ్చే మీటింగ్‌లో అడుగుతాను. తుక్కుకి మాత్రమే అంటే మా చేతికొచ్చేది ఇంకా తగ్గుతుంది, కమిటీ ఏమంటుందో చూడాలి.

ఫ్రిస్కో_వాసి
టెక్సస్ నుంచి. మాకు ఎమిషన్స్ (పొగ) పరీక్ష కొన్ని కౌంటీల్లోనే, మా కాలిన్, డెంటన్ అందులో ఉన్నాయి. 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, ఎమిషన్స్ మాత్రం ఉంచారు. కాలిఫోర్నియా చెక్కు చూసి మా దగ్గర కూడా ఉంటుందనుకోకండి, మీ రాష్ట్రం రూల్స్ చూసుకోండి.

పాతరెంచి
ఎటు ఇచ్చినా ఒకటి మరచిపోవద్దు. పింక్ స్లిప్ (బండి యాజమాన్య పత్రం) ఇచ్చిన ఐదు రోజుల్లోపు డీఎంవీలో (బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) రిలీజ్ ఆఫ్ లయబిలిటీ, అంటే బండి ఇక నాది కాదని తెలిపే కాగితం, మీరే పెట్టండి, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. ఛారిటీవాళ్ళు పెడతారులే అని ఊరుకున్న మా బావగారికి రెండు నెలల తర్వాత డంబార్టన్ వంతెన టోల్ నోటీసు వచ్చింది. నంబరు ప్లేటు బండితోనే పోతుంది ఇక్కడ. ఎవరో నడిపారు, కాగితాల్లో ఈయనే.

డబ్లిన్_వాసి
ఆ టోల్ నోటీసుతో గాలి_మాట గారి ప్రశ్నకి జవాబు దొరికినట్టుంది. బండి తుక్కుకి పోలేదు, వంతెన దాటింది. నేను మొదట రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఫ్రీమాంట్_నివాసి
అందరికీ ధన్యవాదాలు. నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను. క్యాప్‌కి దరఖాస్తు పెట్టాను, నిన్న ఒప్పుకుంటూ ఉత్తరం వచ్చింది. గురువారం యార్డుకి తీసుకెళ్ళాలి.

సేవా_శనివారం గారూ, మీరన్న రెండో మాట నన్ను వదల్లేదు. అందుకే చెక్కు కోసం ఆగకుండా 1,350 డాలర్లు నిన్న రాత్రే మీ సంస్థకి పంపాను. లింకు ఇచ్చినందుకు థాంక్స్. నాన్నగారికి చూపిస్తే ఫోన్ తీసుకుని అంకె రెండుసార్లు చదివారు. ఇంకేమీ అనలేదు, "గురువారం నేనూ వస్తాను" అన్నారు.

ఒక చిన్న సమస్య. డాష్‌బోర్డు మీద బండి కొన్నప్పుడు అతికించిన వినాయకుడు ఉన్నాడు. పదిహేడేళ్ళ జిగురు, ఊడి రావడం లేదు. విరిగిపోతాడేమోనని భయంగా ఉంది. ఎవరికైనా తెలుసా?

పాతరెంచి
హెయిర్ డ్రయర్‌తో అడుగున రెండు మూడు నిమిషాలు వేడి పెట్టండి. తర్వాత పళ్ళు శుభ్రం చేసుకునే దారం లేదా, అది కిందినుంచి పెట్టి రంపంలా అటూ ఇటూ లాగండి. కత్తి పెట్టొద్దు. మెల్లగా వస్తాడు.