జోకర్ తిరిగొచ్చే ‘బ్యాట్‌మ్యాన్ బియాండ్’ సినిమా: కట్ చేసిందా, అన్‌కట్టా?

చిన్నోడి_నాన్న
‘బ్యాట్‌మ్యాన్ బియాండ్: రిటర్న్ ఆఫ్ ది జోకర్’ మావాడికి చూపిద్దామని ఉంది. వాడికి తొమ్మిదేళ్లు. కార్టూన్ సిరీస్‌లో అక్కడక్కడా కొన్ని ఎపిసోడ్లు చూశాడు, కొత్త బ్యాట్‌మ్యాన్ టెర్రీ అంటే ప్రాణం. సినిమా రెండు వెర్షన్లలో ఉందంటున్నారు, ఏది పెట్టాలి? ముందు సిరీస్ మొత్తం చూడాలా? ఒకప్పటి రాబిన్ టిమ్ డ్రేక్, జోకర్ జోడీ హార్లీ ఎవరో వాడికి తెలియకపోతే కథ ఎక్కుతుందా? స్పాయిలర్లు పర్లేదు, వాడు ఇక్కడికి రాడు.

రాత్రి_రెక్కలు
అన్‌కట్. ఇంకో మాట లేదు. 2000 డిసెంబర్‌లో వచ్చింది కత్తెర పడ్డ సినిమా. అంతకుముందు ఏడాది కొలంబైన్ స్కూల్లో కాల్పులు జరిగాయి కదా, ఆ దెబ్బకి పిల్లలు చూసే వాటిలో హింస మీద అమెరికాలో పెద్ద రచ్చ. వార్నర్ వాళ్లు భయపడి పూర్తయిన సినిమాని మళ్లీ కోసి, కొన్ని సీన్లు మార్చి వదిలారు. అసలు సినిమా 2002లో గానీ డీవీడీగా రాలేదు. నేను మొదట చూసింది ఆ కోసిన ముక్కనే. జోకర్ కరెంటు షాక్ కొట్టి పోయాడనే నమ్మి తిరిగాను. తర్వాత అసలుది చూస్తే ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ నాకు వేరే సినిమా అంటగట్టారన్నమాట.

నిశాచరి
తొమ్మిదేళ్ల పిల్లాడికి అన్‌కట్టా? అది పీజీ-13 అండీ, పదమూడేళ్ల లోపు పిల్లలకి తగకపోవచ్చనే రేటింగ్, ఊరికే ఇవ్వలేదు. మా అమ్మాయికి చూపించి అనుభవించాను కాబట్టి చెప్తున్నా. రక్తంతో పిల్లలకి పెద్ద ఇబ్బంది ఉండదు, బొమ్మల రక్తమే అని వాళ్లకీ తెలుసు. పాడుబడ్డ ఆర్ఖమ్ పిచ్చాసుపత్రిలో జోకర్ ప్రొజెక్టర్ పెట్టి, టిమ్‌ని ఏం చేశాడో బ్యాట్‌మ్యాన్‌కి సినిమా వేసి చూపిస్తాడు చూడండి, అక్కడే మా అమ్మాయి నా చెయ్యి పట్టేసుకుంది. ఆ తర్వాత టిమ్ తెల్ల మొహం వేసుకుని నవ్వడం మొదలుపెడతాడు, ఆ నవ్వు ఆగదు, అలా అలా ఏడుపులోకి దిగిపోతుంది. ఆ రాత్రి లైటు ఆర్పనిస్తే ఒట్టు. టిమ్‌ని చిన్న జోకర్‌గా మార్చడం రెండు వెర్షన్లలోనూ ఉంది. కట్ చేసింది పెడితే సేఫ్ అనుకోకండి.

డబ్బింగ్_దొర
ఏళ్ల తరబడి డబ్బింగ్ ఫీల్డ్‌లో ఉన్నవాణ్ణి, నా మాట వినండి. వెర్షన్ల గొడవ టైం వేస్ట్. కాస్త రక్తం తుడిచారు, అంతకు మించి తేడా లేదు. ఈ సినిమాలో చూడాల్సింది కాదు, వినాల్సింది ఉంది. మార్క్ హామిల్ జోకర్‌కే కాదు, వేన్ కంపెనీలో ఉండే జోర్డాన్ ప్రైస్‌కి కూడా గొంతిచ్చాడు. మొదటిసారి చూసినప్పుడే పట్టేశాను. మామూలు చెవులకి అందదు.

రీలు_పిచ్చోడు
రక్తం తుడిచారు, అంతేనా? పప్పులో కాలేశారు దొరగారూ. జోకర్ గ్యాంగులో ఉండే బాంక్ ఎలా చస్తాడో గుర్తుందా? అన్‌కట్‌లో ‘బ్యాంగ్’ అని జెండా వచ్చే తుపాకీ. అందరూ ఉత్తుత్తిదే అనుకున్నాక ఆ జెండా ఈటెలా దూసుకొస్తుంది. కట్ చేసినదాంట్లో దాని బదులు నవ్వుల గ్యాస్. జోకర్ చావైతే మొత్తంగా వేరే కథ. అన్‌కట్‌లో టిమ్ చేతికి అదే తుపాకీ ఇచ్చి బ్యాట్‌మ్యాన్‌ని కాల్చమంటాడు, టిమ్ తిప్పి జోకర్‌నే కాలుస్తాడు. కట్‌లో నీళ్లు, వైర్లు, షాక్, అదీ మనకి సరిగ్గా కనపడకుండా. ఒక పిల్లాడు చేతులారా చంపడం, విలన్ షాక్ కొట్టి పోవడం మీకు ఒకటేనా? పెద్దయ్యాక టిమ్ ఆ పాత రోజులంటేనే చిరాకు పడతాడే, కట్ వెర్షన్ చూసినవాడికి ఆ చిరాకు సగమే అర్థమవుతుంది.

ఇక ఆ చెవుల సంగతి. క్యాస్ట్ లిస్టు చదివాక నా చెవులూ పట్టేశాయి.

డబ్బింగ్_దొర
నేను మాట్లాడుతున్నది ఆర్ట్ గురించి. మీరు సీన్లు లెక్కపెట్టుకోండి. ప్రైస్‌కి హామిల్‌నే తీసుకోవడం వల్ల ‘వీడే జోకరేమో’ అని మన బుర్రలో ఒక పురుగు దూరుతుంది. మైకు ముందు నిలబడ్డవాడికే అది తెలుస్తుంది.

తర్కం_తాత
అదే మోసమంటాను నేను. ప్రైస్ వైపు మనల్ని తిప్పి, తీరా చూస్తే టిమ్ మెడ వెనక చిప్పట! దాంట్లో జోకర్ జ్ఞాపకాలట, డీఎన్ఏ అట! విలన్ తిరిగి రావాలంటే ముందు నుంచీ ఒక దారి వేసుకుంటూ రావాలి. ఇది చివర్లో ఆకాశం నుంచి ఊడిపడింది. పైగా చిప్పు పని మొదలెడితే మనిషి మొహం, ఒళ్లు, గొంతు అన్నీ మారిపోతాయి. ఏ కంపెనీ చిప్పు బాబూ అది?

రాత్రి_రెక్కలు
తాతా, దారి వేశారు, మీరే చూసుకోకుండా నడిచారు. టిమ్ పెద్దయ్యాక చేసే ఉద్యోగం కమ్యూనికేషన్స్ ఇంజనీర్. జోకర్ గ్యాంగు ఎత్తుకెళ్లేది నగలా, డబ్బా? కాదు, ఎలక్ట్రానిక్ సామాను. చివరికి జోకర్ చేతిలోకి వచ్చేది ఉపగ్రహం. ఇంకోటి, తిరిగొచ్చిన జోకర్‌కి బ్రూసే మొదటి బ్యాట్‌మ్యాన్ అని తెలుసు. ఆ రహస్యం తెలిసినవాళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టండి, టిమ్ తగులుతాడు.

తర్కం_తాత
సరే, దారి ఉందనుకుందాం. తిరిగొచ్చింది ఎవరు మరి? జోకర్ శవాన్ని ఆర్ఖమ్ కింద పాతిపెట్టారని కమిషనర్ బార్బరానే చెప్తుంది. పాతిపెట్టినవాడు పాతిపెట్టినట్టే ఉన్నాడు. వచ్చింది కాపీ. టైటిల్‌లో ‘రిటర్న్’ అని ఎలా పెట్టుకున్నారు?

పాత_బ్యాచ్
కాపీ అయితే బ్రూస్ అంతలా ఎందుకు బెదురుతాడు? టెర్రీ దగ్గర సూట్ లాగేసుకునేంత భయం! ఆ ముసలాయన దేనికీ వణకడు. ఏళ్ల తరబడి జోకర్‌ని చూసిన కళ్లు అవి. మీకంటే ఆయనకి బాగా తెలుసు.

తర్కం_తాత
బ్రూస్ భయం సాక్ష్యం కాదు. లాజిక్ అడిగితే సెంటిమెంట్ చెప్తారు, ఇదే మీ బ్యాచ్‌తో వచ్చిన చిక్కు.

పాత_బ్యాచ్
మా బ్యాచ్ ఏంటి? కార్టూన్‌లో లాజిక్ వెతుక్కునే మీ బ్యాచ్‌కి గబ్బిలం బట్టలేసుకుని ఎగిరేవాడు మాత్రం ఓకే అన్నమాట. కొండను తవ్వి ఎలుకను పట్టారు.

మోడరేటర్
ఇద్దరూ ఆపండి. వ్యక్తిగతంగా వెళ్తే పోస్టులు తీసేస్తాను.

ఏస్_అభిమాని
కుక్క గురించి ఒక్కరూ మాట్లాడరేం? టెర్రీతో పాటు క్లైమాక్స్‌కి వెళ్లింది బ్రూస్ కుక్క ఏసే. అది లేకపోతే టెర్రీ పని అయిపోయేది.

చిన్నోడి_నాన్న
కుక్క సంగతి సరే అన్నా, సిరీస్ ముందు చూడాలా వద్దా?

రీలు_పిచ్చోడు
అక్కర్లేదు. టెర్రీ ఎవరో తెలిస్తే చాలు, మిగతాది బార్బరా ఫ్లాష్‌బ్యాక్‌లో చెప్పేస్తుంది.

అందరూ చిప్పు పట్టుకుని వేలాడుతున్నారు గానీ, సినిమాకి ప్రాణం చివరి ఫైట్. జోకర్ వాగుతూనే ఉంటాడు, పట్టించుకోకు అని బ్రూస్ జాగ్రత్త చెప్తాడు. టెర్రీ వింటే కదా! తనకీ నోరుంది. బ్రూస్ ఎన్నడూ చెయ్యని పని చేస్తాడు: ఎదురు మాట్లాడతాడు, వెక్కిరిస్తాడు, చీకట్లో దాక్కుని జోకర్ మీదే పడీపడీ నవ్వుతాడు. బ్యాట్‌మ్యాన్‌ని ఒక్కసారి నవ్వించాలనే కదా వాడి జన్మంతా గోల? తీరా ఒక బ్యాట్‌మ్యాన్ నవ్వితే తట్టుకోలేక చేతికందింది విసురుతూ ఊగిపోతాడు. అప్పటిదాకా నింపాదిగా జోకులేసినవాడి గొంతు ఎలా చిట్లుతుందో గమనించండి. చివరికి జోకర్ షాక్ బజర్‌నే వాడి మెడ మీద పెట్టి చిప్పు కాల్చేస్తాడు. జేమ్స్ బాండ్‌లా గాడ్జెట్ తీసి గెలవడు, నోటితో గెలుస్తాడు. ఇదీ టెర్రీకి ఈ సినిమా ఇచ్చింది. బ్రూస్ నీడలో ఉన్నాడు అనేవాళ్లందరికీ నేను ఈ సీనే పంపిస్తాను, తర్వాత చప్పుడుండదు.

డబ్బింగ్_దొర
ఆ గొంతు చిట్లడం గురించే నేను పొద్దుట్నుంచీ చెప్తున్నా.

నిశాచరి
గొంతులంటే నాకో బాధ. సిరీస్‌లో పెద్ద బార్బరాకి స్టాకర్డ్ చానింగ్ మాట్లాడేది, కమిషనర్ అంటే ఇలా ఉండాలి అనిపించేది. సినిమాలో ఏంజీ హార్మన్‌ని పెట్టారు. బాగానే చేసింది, కానీ నా చెవికి బార్బరా కాదు. ఫ్లాష్‌బ్యాక్‌లో కుర్ర బార్బరాకి టారా స్ట్రాంగ్, అది మాత్రం అతికినట్టు సరిపోయింది.

పాత_బ్యాచ్
బ్రూస్‌కి గొంతిచ్చిన కెవిన్ కాన్రాయ్ 2022లో, హార్లీకి గొంతిచ్చిన ఆర్లీన్ సోర్కిన్ 2023లో పోయారు. ఇప్పుడు ఈ సినిమా పెడితే ముసలి బ్రూస్ నోరు తెరిచిన ప్రతిసారీ గుండె పట్టేస్తుంది. బార్బరా గొంతు మీద వాదించుకునే ఓపిక నాకు లేదు.

రాత్రి_రెక్కలు
హార్లీ అంటే గుర్తొచ్చింది. చివర్లో జోకర్ గ్యాంగులోని డీడీ కవలలు జైలు నుంచి బయటికొస్తే బెయిల్ కట్టిన నానమ్మో, అమ్మమ్మో వాళ్లని చెడామడా తిడుతుంది కదా, అది హార్లీ అని తెలిసినప్పుడు నేను నవ్విన నవ్వుకి ఇంట్లోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. లోయలో పడిపోయిన మనిషి! చిప్పు లేకుండా తిరిగొచ్చింది తాతా, ఆమెకైనా ‘రిటర్న్’ ఒప్పుకుంటారా?

తర్కం_తాత
ఆమెకి ఒప్పుకుంటాను. శవం చూపించలేదు కాబట్టి అది న్యాయం. నిజంగా చచ్చినవాడు తిరిగి రావడం చూడాలంటే 2010లో వచ్చిన ‘అండర్ ది రెడ్ హుడ్’ చూడండి. ఇంకో రాబిన్ జేసన్ టాడ్‌ని చంపింది జోకరే అని తెలుసు, ఎలా లేచాడో చెప్తారు, ఎందుకు వచ్చాడో అడుగడుగునా కనపడుతుంది. బ్యాట్‌మ్యాన్‌ని నిలబెట్టి, ఆ జోకర్‌ని ఎందుకు చంపలేదు అని అడుగుతాడు. చిప్పుల్లేవు.

పాత_బ్యాచ్
చిప్పుల్లేవు, లాజరస్ గుంట ఉంది. చచ్చినవాణ్ణి పచ్చనీళ్లలో ముంచి లేపితే అది లాజిక్, మెడకి చిప్పు పెడితే మోసం!

తర్కం_తాత
ఆ గుంటకి కామిక్స్‌లో ఎప్పట్నుంచో చరిత్ర ఉంది. చదివినవాళ్లకి తెలుస్తుంది.

ఏస్_అభిమాని
రెడ్ హుడ్‌కి వేరే చర్చ ఉంది, అక్కడికెళ్లి కొట్టుకోండి. అందులో కుక్క కూడా లేదు.

రీలు_పిచ్చోడు
ఆ చర్చ మోడరేటర్ పోయిన వారమే మూసేశాడు, వీళ్లిద్దరి వల్లే.