టిఫిన్ సెంటర్ కొన్నాను, పాత ఓనర్ ఫుడ్ లైసెన్స్ నా పేరు మీదకి మారుతుందా?

కాకినాడ_కుర్రాడు: భానుగుడి దగ్గర నడుస్తున్న టిఫిన్ సెంటర్ పోయిన నెల తీసుకున్నాను. డబ్బు మొత్తం ఇచ్చేశాను. గోడ మీద వేంకటేశ్వరస్వామి పటం పక్కనే పాత ఓనర్ ఎఫ్ఎస్ఎస్ఎఐ సర్టిఫికెట్, అదే ఫుడ్ లైసెన్స్, ఫ్రేమ్ కట్టి ఉంది, ఇంకా ఏడాదిన్నర గడువుంది. అది నాకు మారుతుందా? జీఎస్టీకి ఏం చేయాలి? పాత పేరే ఉంచుకోవచ్చా? డెలివరీ యాప్ వాళ్లు నా పాన్‌కీ లైసెన్స్‌కీ పేరు కలవట్లేదని ఆర్డర్లు ఆపేశారు. చాలా టెన్షన్‌గా ఉంది.

పచ్చళ్ల_అక్క: మారదు తమ్ముడూ. అది షాపుది కాదు, మనిషిది. నేను 2022లో పచ్చళ్ల యూనిట్ తీసుకున్నప్పుడు ఇలాగే అనుకుని పాత నంబరుతో నాలుగు వేల లేబుళ్లు కొట్టించాను. తీరా కొత్త 14 అంకెల నంబర్ వచ్చింది. జాడీల్లో ఆవకాయ సిద్ధంగా ఉంది, లేబుళ్లన్నీ అట్టపెట్టెల్లోనే మిగిలిపోయాయి. నంబర్ చేతికొచ్చాకే ప్రింటింగ్‌కి ఇవ్వు.

వైజాగ్_బేకర్: అంత కంగారెందుకు బ్రదర్? గడువు అయ్యేదాకా పాత పేరు మీదే నడుపు. మేం రెండేళ్లు అలాగే నడిపాం.

గుంటూరు_మెస్: దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. నేను అమ్మినవాణ్ణి. కొన్నాయన నా లైసెన్స్ మీదే మెస్ నడిపాడు. సాంబారులో పురుగు వచ్చిందని ఎవరో కంప్లైంట్ ఇస్తే నోటీసు నా పేరున వచ్చింది. ఏడు నెలల కిందట వదిలేసిన వంటగదికి నేను సంజాయిషీ రాసుకున్నాను.

వైజాగ్_బేకర్: అమ్మినరోజే లైసెన్స్ సరెండర్ చేయాల్సింది, అంటే వెనక్కి ఇచ్చేయాల్సింది. తప్పు మీదే.

గుంటూరు_మెస్: కొత్తది వచ్చేదాకా ఆగమని ఆయన బతిమాలాడు, నమ్మాను. మీ కేకు తిని ఎవరైనా ఆస్పత్రి పాలైతే ఆ పాత ఓనర్ పరిస్థితేంటో ఎప్పుడైనా ఆలోచించారా?

వైజాగ్_బేకర్: మాట జాగ్రత్త. నా షాపు మీద ఇప్పటిదాకా ఒక్క కంప్లైంట్ లేదు.

లైసెన్స్_కన్సల్టెంట్: ఇద్దరూ ఆగండి. పదకొండేళ్లుగా నాకు ఇదే పని. 2011 ఫుడ్ లైసెన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం యజమాని చనిపోతేనే లైసెన్స్ వారసులకు మారుతుంది, అదీ 90 రోజుల్లో అప్లై చేస్తేనే. కొనుక్కున్నవాళ్లు ఫుడ్ లైసెన్స్‌లకి అప్లై చేసే ఫాస్కాస్ పోర్టల్‌లో కొత్తగా అప్లై చేయాల్సిందే.

ఆత్రేయపురం_అమ్మాయి: 90 రోజులని తేలిగ్గా అనేశారు. నాన్న పోయాక ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ రావడానికే రెండు నెలలు పట్టింది. తర్వాత అన్నయ్య సంతకం పెట్టనన్నాడు. పూతరేకులు చుట్టే ఆడవాళ్లకి అమ్మ రోజూ కూలి ఇస్తూనే ఉంది. ఎనభై ఆరో రోజున అప్లై చేశాం. ఆ మూడు నెలలూ మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

లైసెన్స్_కన్సల్టెంట్: మేడమ్, అధికారి కారణం రాసి గడువు పెంచవచ్చు. అది కూడా ఆ రూల్లోనే ఉంది.

ఆత్రేయపురం_అమ్మాయి: ఆ మాట అప్పుడు మాకు ఒక్కరూ చెప్పలేదండీ.

మెడికల్_షాపు: మాకూ ఇంతే. పార్ట్‌నర్ తప్పుకుంటే పాత డ్రగ్ లైసెన్స్ మూడు నెలలే చెల్లుతుంది, ఆలోగా ఫారం 20, 21 లైసెన్స్‌లు కొత్తవి తెచ్చుకోవాలి. ఆ టైములోనే మా ఫార్మసిస్ట్ మానేశాడు. మా వైపు ఎవరైనా ఫార్మసిస్ట్ ఉంటే చెప్పండి.

పచ్చళ్ల_అక్క: తమ్ముడూ, డబ్బు మొత్తం ఇచ్చేశానన్నావు, నా భయం అదే. సరెండర్ ఆయన లాగిన్ నుంచే పెట్టాలి. అదే అడ్రస్‌లో పాత లైసెన్స్ ఉంటే నీ అప్లికేషన్‌కి క్వెరీ పడొచ్చు, అంటే వివరణ అడుగుతూ ఆపొచ్చు. నేనైతే సరెండర్ అయ్యేదాకా పాతికవేలు ఆపాను.

కాకినాడ_కుర్రాడు: ఇప్పుడే ఫోన్ చేశాను అక్కా. పాస్‌వర్డ్ ఆయనకి తెలియదట, అప్పట్లో నెట్ సెంటర్ వాళ్ల ఫోన్ నంబర్ ఇచ్చి చేయించాడట. రేపు పొద్దున ఇద్దరం అక్కడికి వెళ్తున్నాం. జీఎస్టీ గురించి ఎవరూ చెప్పలేదు.

గుంటూరు_మెస్: జీఎస్టీ పాన్ మీద ఉంటుంది కాబట్టి మీ పేరున కొత్త రిజిస్ట్రేషనే. మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో సర్దుకునేది) మార్చుకోవడానికి ఐటీసీ-02 ఫారం ఉంది కానీ, 5 శాతం కట్టే హోటల్‌కి ఆ క్రెడిట్టే ఉండదు. ముందు ఆయన చేత సరెండర్ చేయించండి, ఆయన నాలాగా ఇరుక్కోకూడదు.

పచ్చళ్ల_అక్క: బోర్డు పేరు అడిగావు కదా. అగ్రిమెంట్‌లో పేరు కూడా నీకే ఇస్తున్నట్టు రాయించావా, లేక సామాను లిస్టు ఒక్కటే ఉందా?