లిథోట్రిప్సీ తర్వాత కార్టిసాల్ పెరిగితే కారణం తరంగాలా, నొప్పా?

ఎండోక్రైన్ పీజీ:
కిడ్నీ రాయిని బయటినుంచి షాక్ వేవ్‌లతో పగలగొట్టాక (అదే లిథోట్రిప్సీ) రక్తం తీస్తే కొందరిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎక్కువ వస్తుంది. అందరూ నొప్పి మీదకు తోసేస్తున్నారు. అడ్రినల్ గ్రంథి కిడ్నీ నెత్తినే కూర్చుని ఉంటుంది కదా? రాయి పైకొసలో ఉంటే 3000 దెబ్బల్లో కొన్నయినా గ్రంథికి తగలవా? అది నలిగి హార్మోన్ కారుతోందని నా వాదన.

లిథో టెక్నీషియన్:
తరంగాలు కలిసే చోటు చుట్ట ఆకారంలో ఉంటుంది. వెడల్పు మిల్లీమీటర్లలో, పొడవు సెంటీమీటర్లలో. గురి కుదిరినంతసేపూ గ్రంథి దాని దారిలో ఉండదు. చిక్కంతా ఊపిరితోనే. రోగి గట్టిగా గాలి పీల్చగానే కిడ్నీ రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, రాయి ఉన్న చోటికి పైభాగం వచ్చేస్తుంది. నొప్పికి రొప్పుతున్న మనిషిలో చాలా దెబ్బలు ఇలాగే గురి తప్పుతాయి. పీజీ గారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు.

మత్తు డాక్టర్:
ప్రశ్న మంచిదే, హార్మోన్ తప్పు. కార్టిసాల్ గ్రంథిలో నిల్వ ఉండదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోన్ వచ్చాక అప్పటికప్పుడు తయారవుతుంది. నిల్వ లేనిది నలిపితే ఎలా కారుతుంది? నిల్వ ఉండేది ఎడ్రినలిన్, అదీ గ్రంథి నడిమి భాగంలో.

ఇంకో మాట. 1980లో మ్యూనిక్‌లో ఈ చికిత్స మొదలైనప్పుడు రోగిని నీళ్ల తొట్టెలో ఉంచి, పూర్తి మత్తో నడుముకు మత్తో ఇచ్చేవారు. ఇప్పుడు చాలాచోట్ల నొప్పి మందు, కాస్త మగతతో సరిపెడుతున్నారు. వెన్ను మత్తు నొప్పి సంకేతాన్ని దారిలోనే ఆపి కార్టిసాల్‌ను తగ్గిస్తుంది కాబట్టి ఆ అంకెలనూ ఈ అంకెలనూ ఒకే గాటన కట్టకూడదు. వాంతులకని డెక్సామెథసోన్ ఇచ్చినా, మత్తుకు ఎటోమిడేట్ వాడినా కార్టిసాల్ పడిపోతుంది. కేస్ షీట్ చూడకుండా రిపోర్టు చదవొద్దు.

ఎండోక్రైన్ పీజీ:
కార్టిసాల్ సంగతి ఒప్పుకుంటున్నాను మేడమ్. ఎడ్రినలిన్ మాత్రం వదలను. రక్తంలో అది రెండు మూడు నిమిషాల్లోనే సగమైపోతుంది, గంట తర్వాత తీసిన శాంపిల్‌లో ఏం దొరుకుతుంది? అరగంట ముందే కాన్యులా (రక్తనాళంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టి రోగిని పడుకోబెట్టాలి, మొదటి శాంపిల్ అప్పుడు, రెండోది దెబ్బలు పడుతుండగానే. సూది పోటుకే హార్మోన్ ఎగరకూడదు కదా. ఏసీటీహెచ్‌కి రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబు, ఐసులో పెట్టి వెంటనే ల్యాబుకి. ఉదయం ఎనిమిదికి ఒకరిదీ మధ్యాహ్నం ఇంకొకరిదీ తీసి పోల్చడం దండగ, కార్టిసాల్ పొద్దున్నే ఎక్కువ.

లిథో టెక్నీషియన్:
అలా అయితే ఒకే మత్తు, ఒకే సమయం పెట్టి పైకొస రాళ్లనీ కిందికొస రాళ్లనీ పోల్చండి. పైకొస వాళ్లలోనే ఎడ్రినలిన్ లేస్తే నేనూ మీ వైపే. మెషీన్‌కీ చర్మానికీ మధ్య పెట్టే జెల్ మాత్రం చేత్తో పూయకుండా ఒకేచోట కుప్పగా పోయించండి. గాలి బుడగలు చిక్కితే తరంగం చర్మం దగ్గరే వెనక్కి తిరుగుతుంది. అప్పుడు రాయి పగలడం లేదని శక్తి పెంచుతారు, నొప్పి పెరుగుతుంది, మీ లెక్కంతా తారుమారు. నిమిషానికి 60 దెబ్బలు, మొదట తక్కువ శక్తితో.

మత్తు డాక్టర్:
ముందుగా బీపీ చరిత్ర అడగండి. ఉండుండి తలనొప్పి, చెమటలు, గుండెదడ వస్తాయంటే ఎడ్రినలిన్ కురిపించే అడ్రినల్ గడ్డ లేదని తేలేదాకా మెషీన్ మీదకు ఎక్కించొద్దు.