ఫోర్క్‌లిఫ్ట్ గుద్దితే తప్పు డ్రైవర్‌దేనా?

మేడ్చల్_గోదాం: మొన్న నైట్ షిఫ్టులో సరుకు ఎత్తి మోసే ఫోర్క్‌లిఫ్ట్ వెనక భాగం తగిలి మా ప్యాకింగ్ కుర్రాడి కాలి ఎముక విరిగింది. డ్రైవర్‌ని అదే రోజు పనిలోంచి తీసేశారు. ఇది న్యాయమేనా?

షిఫ్ట్_సూపర్‌వైజర్: మలుపులో హారన్ కొట్టాడా? కొట్టకపోతే తప్పు అతనిదే. పన్నెండేళ్లుగా చూస్తున్నా, ప్రతిసారీ ఇదే కథ.

పాత_ఆపరేటర్: హారన్ సంగతి తర్వాత. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగేది వెనక చక్రాలతో. ఫోర్కులు, అంటే ముందు సరుకు ఎత్తే ఇనుప చేతులు, ఎడమకు తిరిగితే వెనక భాగం కుడివైపు విసురుగా వస్తుంది. పక్కన నడిచే మనిషి అది ఊహించడు. అందుకే నడిచే దారి వేరుగా ఉండాలి, మధ్యలో ఇనుప రెయిలింగ్ ఉండాలి. మీ గోదాంలో ఉందా?

మేడ్చల్_గోదాం: లేదన్నా. నేల మీద పసుపు గీత ఉండేది, అదీ అరిగిపోయింది.

షిఫ్ట్_సూపర్‌వైజర్: నా ప్రశ్నకు జవాబు రాలేదు. హారన్ కొట్టాడా లేదా?

లోడర్_చిట్టి: నాలుగు బళ్లు ఒకేసారి కొడుతుంటే ఎవరి హారనని చూడాలండీ?

పాత_ఆపరేటర్: లోడు అడ్డొచ్చి ముందు కనపడకపోతే వెనక్కి నడపాలి, ఫోర్కులు నేలకి జానెడు ఎత్తులోనే ఉండాలి. ఇవన్నీ డ్రైవర్‌కి తెలుసు. లారీ తొందరగా ఖాళీ చెయ్యమని నెత్తి మీద నిలబడేది ఎవరు? 2016లో నా కళ్ల ముందే ఒక బండి పక్కకి ఒరిగింది. డ్రైవర్ దూకాడు, బండి అతని మీదే పడింది. బెల్టుతో సీట్లోనే ఉంటే బతికేవాడేమో. ఆ బెల్టు తెగి ఆర్నెల్లు, ఎన్నిసార్లు చెప్పినా మార్చలేదు.

షిఫ్ట్_సూపర్‌వైజర్: అన్నిటికీ సూపర్‌వైజరే దొరికాడా? టార్గెట్ నేను పెట్టానా? మా దగ్గర ప్రమాదం జరిగితే నా ఇన్‌క్రిమెంటు ఆపేశారు! హారన్ కొట్టలేదని రాస్తేనే నా మీదికి రాదు. అందుకే అడుగుతున్నా.

పాత_ఆపరేటర్: ఇదీ అసలు గొడవ. కాగితంలో ఏం రాయాలన్నదే. తమ్ముడూ, ఆ కుర్రాడికి ఏమని రాశారు?

మేడ్చల్_గోదాం: బైక్ మీంచి పడ్డాడని. కాంట్రాక్టు కుర్రాడు, చేరి తొమ్మిది రోజులే.

ఈఎస్ఐ_సాయం: తొమ్మిది రోజులైనా ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) హక్కు ఉంది. పనిలో తగిలిన దెబ్బకి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 90 శాతం వస్తుంది. బైక్ అని రాస్తే అది దక్కదు.

షిఫ్ట్_సూపర్‌వైజర్: నిజం రాసిన సూపర్‌వైజర్ ఉద్యోగం పోతే ఎవరిస్తారు?

పాత_ఆపరేటర్: ఆ డ్రైవర్ ఉద్యోగం పోయింది కదా, అతనికెవరిచ్చారు? తమ్ముడూ, కెమెరా రికార్డింగ్ చెరిపేయకముందే కుర్రాడి ఇంటివాళ్లని అడగమను.

మేడ్చల్_గోదాం: కుర్రాడి అన్న ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.