గింప్‌లో ఫొటోకు మెత్తని వెలుగు తేవడం ఎలా?

ప్రశ్న: ఫొటోలు సవరించే గింప్ సాఫ్ట్‌వేర్‌లో, ముఖం స్పష్టంగా ఉంటూనే చుట్టూ మెత్తని వెలుగు పరచుకున్నట్టు ఫొటోను తీర్చిదిద్దాలనుకుంటున్నాను. చిత్రాన్ని మసకబరిచే గాసియన్ బ్లర్ వాడితే కళ్లు కూడా మసకబారుతున్నాయి. దయచేసి మార్గం చెప్పగలరు.

జవాబు 1: మీరు అసలు లేయర్‌కే (చిత్రపు పొరకే) బ్లర్ ఇస్తున్నట్టున్నారు. ముందు దానికి నకలు తీసి, పైనున్న నకలుకు మాత్రమే బ్లర్ ఇచ్చి, మోడ్‌ను (పై పొర కిందిదానితో కలిసే తీరును) స్క్రీన్‌గా మార్చి, ఒపాసిటీని (పొర ఎంత గాఢంగా కనబడాలో తెలిపే కొలతను) 40 శాతం దగ్గర నిలిపి చూడండి. ఆపై తెల్లని లేయర్ మాస్క్ (పొరలో ఏ భాగం కనబడాలో నిర్ణయించే ముసుగు) చేర్చి, కళ్ల మీద నల్లని మెత్తని బ్రష్‌తో గీస్తే కింది స్పష్టమైన చిత్రం బయటపడుతుంది. ఎరేజర్‌తో చెరపడం కన్నా ఇదే మేలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పొరపాటు జరిగినచోట మాస్క్‌పై తెల్లరంగు పూసి సరిదిద్దుకోవచ్చు.

జవాబు 2: స్క్రీన్ మోడ్ చిత్రాన్ని మరింత తెల్లబరుస్తుంది కనుక, ఇప్పటికే వెలుతురు ఎక్కువున్న ఫొటోకు సాఫ్ట్ లైట్ మోడ్ నయం.

ప్రశ్న అడిగినవారు: కళ్లు చక్కగా నిలిచాయండి, ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ లేయర్లను రేపు మళ్లీ మార్చుకోవచ్చా?

జవాబు 1: గింప్ సొంత ఫైల్ రూపమైన ఎక్స్‌సీఎఫ్‌గా సేవ్ చేసుకుంటే తప్పక మార్చుకోవచ్చు. జేపెగ్‌లో లేయర్లు మిగలవు.