పద్మినికి తేలికైన ఇంజన్: ఒమ్నిదా, జిప్సీదా, బైక్‌దా?

కంటోన్మెంట్ కుర్రోడు (విజయనగరం):
మా మావయ్య 1984 ప్రీమియర్ పద్మిని కారు నా చేతికొచ్చింది. బాడీకి ఎక్కడా తుప్పు లేదు. ఇంజన్ మాత్రం పోయింది. బ్లాకు వాటర్ జాకెట్ దగ్గర పగిలింది, వెల్డింగ్ పెట్టినా చెమ్మ ఆగట్లేదు. ఎలాగూ దించాలి కాబట్టి ఆ ఇనుప దిమ్మ బదులు తేలికైనది ఏదైనా ఎక్కిద్దామని ఉంది. మారుతి ఒమ్ని వ్యాన్ ఇంజన్ సరిపోతుందని ఒకాయన, పెద్ద బైక్ ఇంజన్ పెట్టమని ఇంకొకాయన అంటున్నారు. ఎవరైనా చేశారా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
ఆమదాలవలసలో మా దోస్తు తన పద్మినికి ఒమ్ని ఇంజన్ వేయించాడు. నేను నడిపాను. 796 సీసీ, మూడు సిలిండర్లు. గేర్‌బాక్స్ విప్పేస్తే ఇద్దరు మనుషులు ఎత్తి బల్ల మీద పెట్టేయొచ్చు. మారుతి 800 ఇంజన్ కూడా ఇదే అయినా అందులో అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. ఒమ్నిలో నిలువుగా ఉండి వెనక చక్రాలకు పవర్ ఇస్తుంది కాబట్టి పద్మినికి అదే కుదిరింది.

టౌన్లో హాయిగా ఉంది. స్టీరింగ్ చాలా తేలికైపోయింది. కానీ ఒమ్నికి 12 అంగుళాల చక్రాలు, పద్మినికి 14. చక్రం పెద్దదైతే తిప్పడానికి ఎక్కువ లాగుడు కావాలి. పద్మిని 1089 సీసీ కింద నుంచి లాగే లాగుడు దీనికి లేదు. నలుగురు ఎక్కితే హైవే ఫ్లైఓవర్ మీద కూడా టాప్ గేర్ నుంచి దిగాల్సిందే.

ఇంకోటి. బరువు తగ్గాక ముందు కాయిల్ స్ప్రింగులు సాగి బండి ముక్కు పైకి లేచింది. ముందు టైర్లు లోపలి అంచు వైపు అరగడం మొదలైంది, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలోకి కొడుతున్నాయి. స్ప్రింగులు మార్చి అలైన్‌మెంట్ చేయించాక గాని దారికి రాలేదు.

డే అండ్ నైట్ (శ్రీకాకుళం):
బైక్ ఇంజనే పెట్టు తమ్ముడూ! యూరప్‌లో సిట్రోయెన్ 2సీవీకి బీఎండబ్ల్యూ బైక్ ఇంజన్లు పెట్టి తిరుగుతున్నారు. వీడియోలు చూడు, అదిరిపోతాయి.

గేర్‌బాక్స్ బాబాయ్ (సాలూరు):
వీడియోలు నేనూ చూశాను. 2సీవీ సొంత ఇంజనే ఎయిర్ కూల్డ్, రెండు సిలిండర్లు చెరో పక్కకి పడుకుని ఉంటాయి. బీఎండబ్ల్యూ బాక్సర్ కూడా అదే వాటం. పైగా ఆ కారు బరువు 600 కిలోల లోపు. మన పద్మిని 900 కిలోలకు దగ్గర. మామూలు బైక్ ఇంజన్‌కి రివర్స్ ఉండదు, దాని క్లచ్ అంత బరువును కదిలించడానికి చేసింది కాదు. కోట జంక్షన్ ట్రాఫిక్‌లో బండి వెనక్కి తీయాల్సొస్తే దిగి తోస్తావా?

ఊహించని చోటు నుంచి తెచ్చిన ఇంజన్ కార్లో బాగా కుదిరిన సందర్భాలు లేకపోలేదు. ఇంగ్లండ్‌లో 1950లో కోవెంట్రీ క్లైమాక్స్ వాళ్లు నిప్పు ఆర్పే పంపుకోసం ఒక అల్యూమినియం ఇంజన్ చేశారు, మనుషులు మోసుకుపోవాలి కదా మరి. దాన్నే 1098 సీసీకి పెంచి రేసు కార్లకు ఇచ్చారు. 1963లో వచ్చిన హిల్‌మన్ ఇంప్ ఇంజన్ కూడా ఆ వంశమే. అంటే పద్మిని అంత సీసీలోనే తేలికైన ఇంజన్ సాధ్యమే. సాధ్యం కానిది మన సందులో దొరకడం.

ఇక్కడ దొరికేవాటిలో నా ఓటు మారుతి జిప్సీ జీపుకి. దాని జీ13 ఇంజన్‌కి బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియమే. 2000 నుంచి వచ్చిన ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కన పెట్రోల్ చిమ్మేది) అయితే 80 హార్స్‌పవర్, కార్బురేటర్‌ది అంతకన్నా తక్కువ. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ (పవర్‌ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) గేర్‌బాక్స్‌కి అంటుకుని ఉండదు, చిన్న షాఫ్ట్‌తో విడిగా ఉంటుంది. అది తీసేస్తే అయిదు గేర్ల బాక్సు చివర ఫ్లాంజి (షాఫ్ట్ బిగించే బిళ్ల) రెడీగా ఉంటుంది. వెనక చక్రాలకి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించి, అతికించి, బ్యాలెన్స్ చేయించి దానికి బిగించడమే. మా సాలూరులో లారీ షాఫ్టులు చేసే లేత్ మేస్త్రీలకి అదో లెక్క కాదు. (ఇప్పుడు మాది మన్యం జిల్లా అయిందిలెండి, మేస్త్రీలు మాత్రం వాళ్లే.)

ఒక్క తిరకాసు. స్పీడోమీటర్ కేబుల్ ఆ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచే వస్తుంది. అది తీసేశాక ముల్లు సున్నా దగ్గరే నిద్రపోతుంది.

కంటోన్మెంట్ కుర్రోడు:
80 హార్స్‌పవరా బాబాయ్! పద్మినికి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే కదా?

గేర్‌బాక్స్ బాబాయ్:
అదే చెప్పబోతున్నా. సుంకి ఘాట్ ఎక్కడానికి ఇంజన్ చాలు, దిగడానికి బ్రేకులు చాలవు. ముందు డిస్కులు వేసే దమ్ము లేకపోతే కార్బురేటర్ జిప్సీతో ఆగిపో. ఎంపీఎఫ్ఐ అయితే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), వైరింగు, ప్రెషర్ ఎక్కువుండే పెట్రోల్ పంపు, లైన్లు అన్నీ కొత్తవి పడాలి.

పాతబళ్ల పిచ్చి (బొబ్బిలి):
ప్రీమియర్ వాళ్లదే 118ఎన్ఈ కారు ఉంది కదా, దాని ఇంజన్ ఎవరూ అనరేంటి? నిస్సాన్ ఏ12, 1171 సీసీ, గేర్‌బాక్స్‌తో సహా వెనక చక్రాల బండిదే. బ్లాకు ఇనుమే కాబట్టి జిప్సీ అంత తేలిక కాదు, కానీ పద్మినికి ఇంటి చుట్టమే. నేనైతే ముందు దానికోసం వెతుకుతాను.

ఆర్సీ బుక్కు (విజయనగరం):
అందరూ బరువు గురించే మాట్లాడుతున్నారు. కాయితం సంగతి? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. సీఎన్‌జీకో బ్యాటరీకో అయితే ఆమోదం ఉన్న కిట్‌తో మారొచ్చు. జిప్సీ ఇంజన్‌కి ఆ వెసులుబాటు లేదు. రోడ్డు మీద ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాడు మొదట చూసేది ఇంజన్ నంబరే.

ఇంకా ముందుకెళ్తే, 50 ఏళ్లు దాటిన బండికి 2021 రూల్స్ కింద ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ నంబరు వస్తుంది. నీదానికి 2034లో ఆ వయసొస్తుంది. ఇంజన్ మార్చిన బండి దానికి పనికిరాదు.

నాగావళి ఒడ్డు:
మా వాడు ఒమ్ని బండిని ఊరు దాటనివ్వకపోవడానికి కారణం అదేనండీ. టోల్‌గేట్ దగ్గర కాకీ చొక్కా కనిపిస్తే చాలు, టెన్షన్.

కంటోన్మెంట్ కుర్రోడు:
అయితే ఇలా చేస్తాను. మొదట గాజువాక స్క్రాపులో పద్మిని బ్లాకు దొరుకుతుందేమో చూసి, దొరికితే ఆర్టీవో ఆఫీసులో చెప్పి ఎక్కిస్తా. జిప్సీ ఆశ కూడా చావలేదు. మా తోటలో తిప్పుకోవడానికి ఆర్సీ పోయిన ఇంకో పద్మిని షెల్ ఉంది. బాబాయ్, దాని కొలతలు తీసి పెట్టనా?

గేర్‌బాక్స్ బాబాయ్:
పెట్టు. ముందు క్రాస్ మెంబర్ (ఇంజన్ కింది అడ్డ దూలం) నుంచి రేడియేటర్ దాకా, గేర్‌బాక్స్ టన్నెల్ వెడల్పు, స్టీరింగ్ బాక్సుకీ ఇంజన్ పక్కకీ మధ్య ఖాళీ. జిప్సీ ఆయిల్ సంప్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) దాని ముందు యాక్సిల్‌కి తగ్గట్టు చేసింది, నీ స్టీరింగ్ రాడ్డుకి తగిలితే సంప్ కోసి మళ్లీ అతికించాలి. ఫొటోలు పక్క నుంచి కాదు, కింద నుంచి తియ్యి.