కోతుల్ని పట్టించి అడవిలో వదలాలా, వద్దా? ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో ఓటింగ్

యలహంక వాణి:
మాది బెంగళూరులో యలహంక దగ్గర నాలుగు బ్లాకుల అపార్ట్‌మెంట్. వెనక ప్రహరీ దాటితే పాత మామిడితోట. అక్కణ్ణుంచి రోజూ పొద్దున ఏడింటికల్లా కోతుల గుంపు దిగుతుంది. నెత్తిన పాపిడి తీసి దువ్వినట్టు జుట్టుండే మన దక్షిణాది కోతులే. చిన్నాపెద్దా కలిపి 22 లెక్కపెట్టాను. మొన్న మంగళవారం బీ బ్లాక్‌లో నాలుగేళ్ళ బాబు చేతిలో బిస్కెట్ ప్యాకెట్ లాక్కోబోయి ఒక కోతి ముంజేతి మీద కరిచింది. దాంతో అసోసియేషన్ వాళ్ళు కోతులు పట్టేవాళ్ళని పిలిపించి, గుంపు మొత్తాన్నీ బోనుల్లో ఎక్కించి ఏదైనా అడవిలో వదిలేయిద్దామంటున్నారు. ఆదివారం ఓటింగ్. ఆ బాబు ఏడుపు నా చెవుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. పొట్టకి పిల్లని హత్తుకుని గోడ ఎక్కే తల్లికోతినీ రోజూ చూస్తున్నాను. ఎటు చెయ్యెత్తాలో పాలుపోవడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

బీ బ్లాక్ నాన్న:
వాణి గారూ, ఆ బాబు మావాడే. గాయం చుట్టూ రేబిస్‌ని అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ సూదులు గుచ్చుతుంటే కాళ్ళు నేను పట్టుకున్నాను, చేతులు వాళ్ళమ్మ పట్టుకుంది. రేబిస్ ఇంజెక్షన్లు ఇంకా పూర్తి కాలేదు. బాల్కనీ తలుపు చప్పుడైతే చాలు, వాడు మంచం కిందకి దూరిపోతున్నాడు. కోతుల మీద నాకు పగ లేదు. పిల్లలు ఆడుకునే చోట అడవి జంతువు తిరక్కూడదు, అంతే. అడవిలో వదిలితే దానికీ మంచిదే కదా, దాని చోటికి అది పోతుంది. నా ఓటు పట్టించడానికే.

మానుకోట బిడ్డ:
అన్నా, బాబు తొందరగా కోలుకోవాలి. ఆ సూదులు ఎంత నొప్పో నాకు తెలుసు, మా చెల్లెలికీ వేయించాం. కానీ "ఏదైనా అడవి" అన్న మాట చదవగానే మనసు చివుక్కుమంది. ఆ అడవి పక్కనే మా ఊరుంది.

మాది మహబూబాబాద్ జిల్లా. చేను ఊరి చివర, గుట్ట కింద. నా చిన్నతనంలో ఎప్పుడో ఒక కోతి కనిపిస్తే పిల్లలం పరుగెత్తుకెళ్ళి చూసేవాళ్ళం. తర్వాత ఒక రాత్రి గుట్ట మలుపు దగ్గర వ్యాను ఆగిన చప్పుడైంది. తెల్లారేసరికి రోడ్డు పొడవునా కోతులు. ఏ టౌన్ నుంచి తెచ్చారో ఈ రోజుకీ మాకు తెలియదు. గుట్ట మీద ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో వాటికి తెలియదు, తలుపు గొళ్ళెం తియ్యడం మాత్రం బాగా తెలుసు. నాలుగు రోజుల్లో గుట్ట దిగి ఊళ్ళోకి వచ్చేశాయి. పెంకులు జరిపి ఇళ్ళల్లోకి దిగి, ఉట్టి మీద గిన్నెలు కూడా వదల్లేదు.

నాన్న పల్లికాయ వెయ్యడం మానేశాడు. రెండేళ్ళు మంచె మీద డబ్బా కొట్టుకుంటూ కాపలా కాసి, తర్వాత మొక్కజొన్న కూడా మానేశాడు. ఇప్పుడు పత్తి ఒక్కటే వేస్తున్నాడు, కోతి దాన్ని తినదు కాబట్టి. పెరట్లో బీరపాదు పెట్టాలన్నా అమ్మకి భయమే. తెలంగాణ ప్రభుత్వం 2020లో నిర్మల్ దగ్గర కోతుల కోసం ప్రత్యేకంగా పునరావాస కేంద్రం పెట్టాల్సి వచ్చిందంటే ఊళ్ళల్లో పరిస్థితి ఎంతదాకా వచ్చిందో చూడండి. మీ బాల్కనీ ఖాళీ చెయ్యడానికి ఇంకో రైతు చేను ఖాళీ చెయ్యకండన్నా. దండం పెట్టి అడుగుతున్నాను.

మత్తికెరె చెట్టుకింద:
చదువుకునే రోజుల్లో ప్రాజెక్ట్ పని మీద రెండేళ్ళు ఇక్కడే బెంగళూరులో ఒకే కోతుల గుంపు వెంట తిరిగాను. ఆ అనుభవంతో రాస్తున్నాను, కాస్త పొడుగైనా చదవండి.

ముందు "దాని చోటు" సంగతి. మనకి గుంపు అంటే ఏవో ఇరవై కోతులు. నిజానికి అది ఆడవాళ్ళ కుటుంబం. ఆడకోతి పుట్టిన గుంపులోనే పెరిగి, అక్కడే పిల్లల్ని కని, అక్కడే ముసలిదవుతుంది. అమ్మమ్మ, తల్లి, కూతురు, పిన్ని అంతా ఒకచోటే. కూతురికి గుంపులో దక్కే స్థానం తల్లి స్థానాన్ని బట్టి ఉంటుంది. మగవాటి కథ వేరు. ఎదిగాక అవి పుట్టిన గుంపు వదిలి వేరే గుంపుల్లో చేరతాయి. జతకట్టే కాలం ఎక్కువగా సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా. కడుపుతో ఐదున్నర నెలలు మోసి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల పిల్లని పెడతాయి. మీరు చూసిన తల్లి పొట్టకి ఉన్న పిల్లకి నల్ల బొచ్చు, గులాబీ మొహం ఉంటే అది పుట్టి వారాలే అయింది.

ఆ కుటుంబానికి మీ వెనక తోటే సొంత చోటు. ఏ మర్రి ఎప్పుడు పండుతుందో, ఏ గోడ మీద కుక్క రాదో ముసలి ఆడకోతులకి తెలుసు, మిగతావి వాటి వెనకే నడుస్తాయి. వాటిని తీసుకెళ్ళి ఎప్పుడూ చూడని అడవిలో దింపితే తిండి వెతుక్కోవడమే కష్టం. పైగా అక్కడ అప్పటికే వేరే గుంపులుంటాయి, అవి రానివ్వవు. అందుకే మనిషి వాసన ఉన్న చోటికి, అంటే మానుకోట తమ్ముడి ఊరికి దిగుతాయి.

ఇంకొకటి. బోనులో గుంపు మొత్తం ఎప్పుడూ పడదు. నేను చూసినప్పుడు ముందు దూకింది పిల్లకోతులూ కుర్రవీ. ముసలివి దూరంగా కూర్చుని చూశాయి. సగం పోయిన గుంపులో ఎవరి తర్వాత ఎవరు అన్న వరస చెడిపోయి రోజూ కొట్లాటలే. కొన్నాళ్ళకి పక్క గుంపు ఆ ఖాళీలోకి వచ్చింది. రాకేం చేస్తుంది, చెత్త డ్రమ్ములు అలాగే ఉన్నాయిగా! ఢిల్లీలో 2007లో హైకోర్టు ఆదేశంతో వేల కోతుల్ని అసోలా అభయారణ్యానికి తరలించారు. ఢిల్లీలో కోతుల బెడద ఇప్పటికీ తీరలేదు.

ఇక నేర్చుకోవడం గురించి. జపాన్‌లో కోషిమా అనే చిన్న దీవిలో 1953లో ఇమో అనే ఏడాదిన్నర ఆడకోతి, పరిశోధకులు ఇసుకలో వేసిన చిలగడదుంపని నీళ్ళలో కడుక్కుని తింది. దాన్ని చూసి ముందు దాని తోటిపిల్లలు, తల్లి నేర్చుకున్నాయి. పెద్ద మగకోతులు మాత్రం చాలావరకు నేర్చుకోలేదు. కోతుల్లో విద్య ఇలా ఆటల్లోంచి, తల్లి ఒళ్ళోంచి పాకుతుంది. మన దగ్గర బందీపూర్ అడవిలో రోడ్డు పక్క కోతులు సందర్శకుల ముందు చెయ్యి చాపి, ఒక రకంగా కూసి తిండి అడగడం బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ పరిశోధకులు గమనించారు. వాటికి అది నేర్పింది అడవి కాదు, పెట్టిన చేతులు. మీ గుంపుకి ప్లాస్టిక్ కవర్ చప్పుడుకి పరుగెత్తడం మీ అపార్ట్‌మెంట్ నేర్పింది.

సీ బ్లాక్ అత్తయ్య:
బాబూ, పెట్టే చెయ్యి అంటే నాకు తగిలింది. ఆంజనేయస్వామి రూపమని పదేళ్ళుగా ప్రతి శనివారం అరటిపళ్ళు పెడుతున్నాను. నా చేతిలోంచి తీసుకుంటాయి గానీ ఏ రోజూ గీరను కూడా గీరలేదు. నేను మానేస్తే ఆ బాలింత కోతి ఏం తింటుంది?

మత్తికెరె చెట్టుకింద:
అత్తయ్య గారూ, మిమ్మల్ని నొప్పించాలని కాదు. మర్రి, రావి, మేడి పండ్లు, చిగుళ్ళు, పురుగులు, వాటి తిండి వాటికుంది. దొరికింది గబగబా బుగ్గ సంచుల్లో కుక్కుకుని చెట్టెక్కి నిదానంగా తింటాయి. మీ చేతి నుంచి తీసుకున్న కోతికి మనిషి చేతిలో ఉన్నదంతా తనదే అని అర్థమవుతుంది. అది మిమ్మల్ని కరవకపోవడానికి కారణం మీరు పండు వదిలేయడం. బాబు ప్యాకెట్‌ని గట్టిగా పట్టుకున్నాడు. వాడి తప్పు ఇందులో రవ్వంత లేదు, నాలుగేళ్ళవాడికి ఏం తెలుస్తుంది. అవే పళ్ళు గుడి దగ్గర పిల్లలకి పంచినా స్వామికి చేరతాయి.

జాలహళ్ళి కుర్రాడు:
మేం కొండముచ్చు బొమ్మ కట్టాం. మొదటి మూడు రోజులు ఒక్కటీ రాలేదు. ఐదో రోజు దాని భుజం మీద కూర్చుని పేలు చూసుకున్నాయి. టపాకాయలకీ అంతే. భయపెట్టింది నిజంగా ఏమీ చెయ్యదని తెలిస్తే అవి పట్టించుకోవు.

బీ బ్లాక్ నాన్న:
రాసినవన్నీ రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను. మా వాణ్ణి కరిచిన కోతి ఇంకో ఊళ్ళో ఇంకో బిడ్డని కరవడం మాకూ ఇష్టం లేదు. కానీ ఆగండి, ఆగండి అంటే ఈలోపు ఇంకెవరికైనా జరిగితే జవాబుదారీ ఎవరు? పోనీ పిల్లలు పుట్టకుండా వాటికి ఆపరేషన్లు చేయించొచ్చుగా?

మత్తికెరె చెట్టుకింద:
మీ ప్రశ్న న్యాయమైంది. హిమాచల్ ప్రదేశ్‌లో 2006-07 నుంచి ఆపరేషన్లు చేస్తున్నారు, లక్షన్నరకి పైగా చేశారు. అక్కడివి ఉత్తరాది రకం కోతులు. పుట్టేవి తగ్గొచ్చు గానీ కోతి 20 ఏళ్ళ దాకా బతికే జంతువు, ఆపరేషన్ అయిన కోతికీ ఆకలి వేస్తుంది. మగవాటికి మాత్రమే చేస్తే పనికిరాదు. ఒక ఆడకోతి చాలా మగవాటితో జతకడుతుంది, ఒక్కటి మిగిలినా చాలు. మీ పిల్లల భద్రతకి అది ఈ ఏడాది జవాబు కాదు.

జవాబు చెత్త దగ్గరుంది. తడి చెత్త డ్రమ్ములకి గొళ్ళెం ఉన్న మూతలు, వంటింటి కిటికీలకి మెష్, పాల ప్యాకెట్లకి గుమ్మం దగ్గర డబ్బా. ఒక్క రోజు కూడా సందు ఇవ్వకూడదు. రోజూ దొరికే చోట దొరకడం ఆగిపోతే తొందరగా ఆశ వదులుకుంటాయి. ఎప్పుడో ఒకసారి దొరికే చోటే వదలవు, రేపైనా దొరుకుతుందని వస్తూనే ఉంటాయి. 100 ఫ్లాట్లు మూసి రెండు తెరిచి ఉంచితే అంతా వృథా. ఇంకో మాట, అందరికీ ముందే చెప్పండి: మొదటి రెండు మూడు వారాలు వాటి దూకుడు పెరుగుతుంది, మూతలు బాదుతాయి, కిటికీలు లాగుతాయి. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి మళ్ళీ పట్టేవాళ్ళని పిలుస్తారు. ఆ వారాల్లో పిల్లల్ని పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా పెద్దవాళ్ళు లేకుండా కింద వదలకండి.

పిల్లలకి రెండు విషయాలు నేర్పండి. కోతి కళ్ళల్లోకి సూటిగా చూడకూడదు, అది వాటి భాషలో సవాలు. నోరు తెరిచి, కళ్ళు మీ మీదే నిలిపితే బెదిరిస్తోందని అర్థం. చేతిలో ఉన్నది కింద పడేసి, పరుగెత్తకుండా వెనక్కి నడవాలి. ఇంత చేసినా ఏదో ఒక కోతి పదే పదే మనుషుల మీదకి వస్తుంటే దాని గుర్తులు రాసి, ఫోటోలతో అటవీశాఖకి చెప్పండి. ఆ ఒక్కదాని సంగతి వేరు, దానికి నేను అడ్డు చెప్పను.

బీ బ్లాక్ నాన్న:
రెండు నెలలు. అంతకంటే ఒప్పుకోలేను. మూతల ఖర్చుకి మా ఫ్లాట్ వాటా ఈ రోజే కడతాను.

యలహంక వాణి:
ఓటింగ్ రెండు నెలలు వాయిదా వేశారు. మీటింగ్‌లో మానుకోట తమ్ముడి పోస్ట్ చదివాను, ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. మూతలు వచ్చి నాలుగు రోజులైంది. ఈ పొద్దున వంటింటి మెష్ వెనక నిలబడి చూశాను. చెవి తెగిన ముసలి ఆడకోతి డ్రమ్ము మీద కూర్చుని కొత్త గొళ్ళేన్ని వేళ్ళతో తడిమింది. రెండుసార్లు లాగింది, మూతి దగ్గర పెట్టి వాసన చూసింది. పక్కనే ఏడాది పిల్ల ఒకటి, తల దాదాపు దాని చేతుల్లో పెట్టి ఆ పనంతా చూస్తోంది. గొళ్ళెం ఊడి రాకపోయేసరికి పది నిమిషాలు కూర్చుని, గోడ మీదుగా పక్క అపార్ట్‌మెంట్ వైపు వెళ్ళిపోయాయి. వాళ్ళ డ్రమ్ములకి మూతల్లేవు. వాళ్ళ సెక్రటరీ ఎవరికైనా పరిచయమా? ఈ వారంలోనే వెళ్ళి మాట్లాడాలి.